విడిపోతే పౌండు ఎవరిది? స్కాట్లాండ్ స్వాతంత్ర్యం వెనుక ఆర్థిక లెక్కలు

సంక్షిప్తంగా: స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోతే బాగుపడుతుందా, దెబ్బతింటుందా అన్న వాదన ప్రధానంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. అవి బడ్జెట్ లోటు, కరెన్సీ, ఇంగ్లండ్‌తో సరిహద్దు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక పరిష్కారం ఉంది. అయితే ఒకదానికి ఎంచుకున్న పరిష్కారం మిగతా రెండింటినీ బిగిస్తుంది. ఇరుపక్షాలూ ఒకే లెక్కల పుస్తకం చూపిస్తూ వేర్వేరు మాటలు చెప్పడానికి కారణం అదే.

2014లో రెండు విభజనల లెక్కలు దాదాపు ఒకేసారి నడిచాయి. జూన్ 2న ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణ వేరుపడింది. సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ ప్రజలు స్వతంత్ర దేశం కావాలా వద్దా అన్న ప్రశ్నపై ఓటేశారు. 84.6 శాతం మంది పోలింగ్ కేంద్రాలకు వచ్చారు. వద్దన్నవాళ్లు 55.3 శాతం, కావాలన్నవాళ్లు 44.7 శాతం.

మొదటి విభజన తెలుగువాళ్లు కళ్లారా చూసినదే. ఉమ్మడి అప్పులను జనాభా ప్రకారం 58.32, 41.68 నిష్పత్తిలో పంచారు. కరెంటును మాత్రం జనాభా ప్రకారం కాకుండా వాడకం ప్రకారం పంచడంతో తెలంగాణ వాటా 53.89 శాతానికి చేరింది. దేన్ని బట్టి పంచుతారన్నది మారితే వాటా తలకిందులవుతుందని అప్పుడే అందరికీ తెలిసొచ్చింది. స్కాట్లాండ్ వాదనలో కూడా సగం గొడవ ఇదే. మిగతా సగం మాత్రం తెలుగు రాష్ట్రాలకు ఎదురుకాలేదు. రేపు జేబులో ఉన్న రూపాయి చెల్లుతుందా, బ్యాంకులో డిపాజిట్ ఏ డబ్బుగా మారుతుంది, విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే లారీని కోదాడ దగ్గర కస్టమ్స్ వాళ్లు ఆపుతారా అన్న భయం ఎవరికీ రాలేదు. రాష్ట్రం విడిపోవడానికీ దేశం విడిపోవడానికీ ఆర్థికంగా ఉన్న అసలు తేడా అక్కడ ఉంది.

ఒకే పుస్తకం, రెండు వాదనలు

స్కాట్లాండ్ ప్రభుత్వ గణాంక విభాగం ఏటా ఒక నివేదిక ఇస్తుంది. స్కాట్లాండ్‌లో ఎంత పన్ను వసూలైంది, స్కాట్లాండ్ కోసం ఎంత ఖర్చయింది అన్నది అందులో ఉంటుంది. దాన్ని క్లుప్తంగా జెర్స్ అంటారు. ఇది లండన్ వాళ్లు తయారుచేసే లెక్క అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో లెక్కే.

2011-12 నివేదిక స్వాతంత్ర్యవాదులకు పెద్ద ఆయుధమైంది. బ్రిటన్ జనాభాలో 8.4 శాతం ఉన్న స్కాట్లాండ్, ఉత్తర సముద్ర చమురులో భౌగోళిక వాటాను కలిపి చూస్తే మొత్తం పన్నుల్లో 9.9 శాతం ఇచ్చింది. ఖర్చులో వచ్చింది 9.3 శాతం. స్కాట్లాండ్ లోటు జీడీపీలో 5 శాతమైతే, మొత్తం బ్రిటన్ లోటు 7.9 శాతం. ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ అని అప్పటి ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) అలెక్స్ శాల్మండ్ ఊరూరా చెప్పారు. ఆ ఏడాదికి ఆ మాట నిజమే.

నాలుగేళ్లకు చిత్రం మారిపోయింది. 2015-16లో స్కాట్లాండ్ లోటు 1,480 కోట్ల పౌండ్లు, అంటే జీడీపీలో 9.5 శాతం. బ్రిటన్ లోటు 4 శాతమే. 2023-24లో స్కాట్లాండ్‌ది 2,270 కోట్ల పౌండ్లు, 10.4 శాతం. బ్రిటన్‌ది 4.5 శాతం. ఆ ఏడాది మనిషికి సగటున పెట్టిన ప్రభుత్వ ఖర్చు స్కాట్లాండ్‌లో బ్రిటన్ సగటు కంటే 2,417 పౌండ్లు ఎక్కువ.

ఎందుకు ఎక్కువ? దీవులు, కొండ ప్రాంతాలు, దూరదూరంగా ఉన్న ఊళ్లు ఒక కారణం. పదిమంది పిల్లలున్నా బడి నడపాల్సిందే, దీవికి పడవ సర్వీసు ఉండాల్సిందే. రెండో కారణం బార్నెట్ ఫార్ములా. 1970ల చివర్లో ట్రెజరీలో, అంటే బ్రిటన్ ఆర్థిక శాఖలో, మంత్రిగా ఉన్న జోయెల్ బార్నెట్ పేరుతో వచ్చిన ఈ పద్ధతి ప్రకారం ఇంగ్లండ్‌లో ఆసుపత్రులకో బడులకో ఖర్చు పెంచితే, ఆ పెరిగిన మొత్తంలో జనాభా వాటా స్కాట్లాండ్‌కు అందుతుంది. పెరుగుదలను మాత్రమే పంచుతారు, పాత మొత్తాన్ని ముట్టుకోరు. పాత మొత్తం మొదటి నుంచీ ఎక్కువగా ఉంది కాబట్టి ఆ తేడా ఇప్పటికీ పూర్తిగా చెరిగిపోలేదు.

దీనికి స్వాతంత్ర్యవాదుల జవాబు తీసిపారేయదగ్గది కాదు. జెర్స్ చెప్పేది బ్రిటన్‌లో ఉన్న స్కాట్లాండ్ లెక్క. బ్రిటన్ అప్పుల మీద వడ్డీ, రక్షణ ఖర్చు వంటివి స్కాట్లాండ్ ఖాతాలో జనాభా వాటా ప్రకారం పడతాయి. వాటిలో ఏది ఎంత ఖర్చు చేయాలన్న నిర్ణయం లండన్‌ది. అణు జలాంతర్గాములు అక్కర్లేదనుకునే దేశం ఆ డబ్బును వేరేగా వాడుకోవచ్చు. డెన్మార్క్, ఫిన్లండ్ కూడా స్కాట్లాండ్‌ లాగే 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశాలే, బాగానే బతుకుతున్నాయి.

అయినా స్వతంత్ర దేశపు మొదటి బడ్జెట్ రాయబోయే ఆర్థిక మంత్రి ముందుండేది ఈ పుస్తకమే. మొదటి నెల పింఛన్లు, నర్సుల జీతాలు పాత రాబడితోనే ఇవ్వాలి. అందుకే 2018లో స్కాటిష్ నేషనల్ పార్టీ కోసం ఆండ్రూ విల్సన్ ఆధ్వర్యంలో పనిచేసిన గ్రోత్ కమిషన్ కూడా ఈ అంకెల నుంచే మొదలుపెట్టి, లోటును 5 నుంచి 10 ఏళ్లలో 3 శాతం లోపుకు తేవాలంది. స్వాతంత్ర్యం కోరేవాళ్ల సొంత నివేదికే ఈ మాట ఒప్పుకున్నాక జెర్స్‌ను కట్టుకథ అనడం కుదరదు. అలాగే ఆ అంకె చూపించి స్కాట్లాండ్ ఎప్పటికీ సొంతంగా నిలబడలేదనడమూ కుదరదు. అది బయలుదేరే చోటును మాత్రమే చూపిస్తుంది.

ఇక్కడే మరో రెండు అపోహలు తరచూ వినిపిస్తాయి. స్కాచ్ విస్కీ ఎగుమతి సుంకమంతా ఇంగ్లండ్ రేవుల్లో వసూలై లండన్ ఖాతాలో పడుతుందన్నది ఒకటి. బ్రిటన్‌లో విస్కీ మీద ఎగుమతి సుంకమే లేదు. కంపెనీల హెడ్డాఫీసు లండన్‌లో ఉంటే పన్నంతా అక్కడి లెక్కలోకి పోతుందన్నది రెండోది. జెర్స్‌లో పన్నును హెడ్డాఫీసు ఎక్కడుందో చూసి రాయరు. స్కాట్లాండ్‌లో ఎంత వ్యాపారం, ఎంత లాభం వచ్చిందో అంచనా వేసి పంచుతారు.

చమురు: 1975లో ఉన్న బలం 2014లో లేదు

1970లో ఫోర్టీస్, 1971లో బ్రెంట్ చమురు క్షేత్రాలు బయటపడ్డాయి. 'ఇది స్కాట్లాండ్ చమురు' అన్న నినాదంతో స్కాటిష్ నేషనల్ పార్టీ 1974 అక్టోబర్ ఎన్నికల్లో 11 సీట్లు గెలిచింది. ఆ రోజుల్లోనే ప్రభుత్వ ఆర్థికవేత్త గావిన్ మెక్రోన్ ఒక రహస్య నివేదిక రాశారు. స్వతంత్ర స్కాట్లాండ్‌కు భారీ మిగులు ఉంటుందని, దాని కరెన్సీ యూరప్‌లోనే బలమైన వాటిలో ఒకటవుతుందని అందులో ఉంది. సమాచార చట్టం కింద ఆ కాగితం 2005లో బయటికి వచ్చింది. ముప్పై ఏళ్లు దాచిపెట్టారన్న కోపం స్కాట్లాండ్‌లో ఇప్పటికీ ఉంది, అది న్యాయమైన కోపమే. లండన్ ఏ అంకె చెప్పినా అక్కడ సగం మంది నమ్మకపోవడానికి ఒక కారణం ఆ నివేదిక.

పక్కనే ఉన్న నార్వే 1990లో చట్టం చేసి, 1996 నుంచి చమురు డబ్బును ఒక నిధిలో వేస్తూ వచ్చింది. 2017 నాటికి ఆ నిధి లక్ష కోట్ల డాలర్లు దాటింది. బ్రిటన్ అలాంటి నిధి పెట్టలేదు. వచ్చిన ఆదాయాన్ని ఏ ఏటికా ఏడు సాధారణ బడ్జెట్‌లో కలిపేసింది.

బ్రిటన్ చమురు ఉత్పత్తి 1999లో శిఖరానికి చేరి తర్వాత దిగుతూ వచ్చింది. 2013 నవంబర్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వం విడుదల చేసిన స్వాతంత్ర్య శ్వేతపత్రం బ్యారెల్ ధర 110 డాలర్ల దరిదాపుల్లో ఉంటుందనుకుని, 2016-17లో చమురు నుంచి 680 నుంచి 790 కోట్ల పౌండ్లు వస్తాయని అంచనా వేసింది. 2016 జనవరిలో ధర 30 డాలర్ల కిందికి జారింది. అంచనా వేసిన ఏడాదిలో వచ్చింది నామమాత్రం.

ధర పడిపోవడం కంటే పన్ను రాబడి ఇంకా వేగంగా పడిపోవడం చాలామందికి అంతుపట్టలేదు. కారణం ఇది. బ్రిటన్‌లో చమురు పన్ను అమ్మకం మీద కాదు, లాభం మీద వేస్తారు. ఉదాహరణకు బ్యారెల్ తీయడానికి 40 డాలర్లు ఖర్చవుతుందనుకుందాం. ధర 110 ఉన్నప్పుడు లాభం 70. ధర 50కి పడితే లాభం 10. ధర సగం కంటే కాస్త ఎక్కువే పడింది, పన్ను వేయదగ్గ లాభం మాత్రం ఏడో వంతుకు కుంచించుకుపోయింది. దానికి తోడు, పాతబడిన ప్లాట్‌ఫామ్‌లను విప్పి తొలగించే ఖర్చును కంపెనీలు లాభంలోంచి మినహాయించుకుంటాయి. ధర పెరిగితే ఇదే లెక్క పైకి తిరుగుతుంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022-23లో జెర్స్ లెక్కలో చమురు, గ్యాస్ రాబడి 940 కోట్ల పౌండ్లకు ఎగబాకింది. అయినా ఆ ఏడాది కూడా స్కాట్లాండ్ లోటు బ్రిటన్ కంటే ఎక్కువగానే ఉంది.

చమురు చోటును గాలి భర్తీ చేస్తుందన్నది కొత్త వాదన. 2022 జనవరిలో సముద్రపు గాలిమరల స్థలాల వేలం సుమారు 70 కోట్ల పౌండ్లు తెచ్చింది. ఒక ఏడాదిలో స్కాట్లాండ్ వాడే కరెంటు కంటే అక్కడ తయారయ్యే పునరుత్పాదక కరెంటే ఎక్కువైన సందర్భం ఇప్పటికే ఉంది. కానీ గాలి కరెంటు చమురులాగా ఖజానాను ఒక్కసారిగా నింపదు. లాభాలు పలుచగా, చాలా ఏళ్ల మీద వస్తాయి. కొనేవాడు ఎక్కువగా ఇంగ్లండే. గ్రిడ్ ఖర్చులను ఇప్పుడు గ్రేట్ బ్రిటన్ వినియోగదారులంతా కలిసి భరిస్తున్నారు. గ్రాంజ్‌మౌత్ రిఫైనరీలో 2025 ఏప్రిల్‌లో ముడిచమురు శుద్ధి ఆగిపోయింది. పాత ఉద్యోగాలు పోయే వేగానికి కొత్తవి అందుకోవడం లేదన్న బెంగ అక్కడ ఇప్పుడు నిత్యం వినిపించేదే.

నోటు వెనుక ఏముంది

ఎడిన్‌బరోలో చిల్లర తీసుకుంటే చేతికొచ్చే నోటు మీద చాలాసార్లు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పేరు ఉండదు. అక్కడ మూడు వాణిజ్య బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి. కొత్తగా వెళ్లిన తెలుగు విద్యార్థులు ఆ నోటు పట్టుకుని లండన్ వచ్చి, దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూస్తుంటే కంగారుపడుతుంటారు. ఆ నోటుకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ బ్యాంకులు తాము వేసిన నోట్లలో అత్యధిక భాగానికి సమానమైన సొమ్మును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ దగ్గర పెట్టాలి. దానికోసం మామూలు జనం ఎప్పుడూ చూడని పెద్ద నోట్లున్నాయి. పది లక్షల పౌండ్ల నోటును 'జెయింట్' అని, పది కోట్ల పౌండ్ల నోటును 'టైటన్' అని అంటారు. అవి ఖజానా దాటి బయటికి రావు. స్కాట్లాండ్ నోటు మీద బొమ్మ స్కాట్లాండ్‌ది, హామీ లండన్‌ది.

2014 వాదనంతా ఆ హామీ మీదే నడిచింది. విడిపోయినా పౌండును రెండు దేశాలూ కలిసి వాడుకుంటాయని, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇద్దరికీ సెంట్రల్ బ్యాంకుగా ఉంటుందని శ్వేతపత్రం చెప్పింది. ఫిబ్రవరి 13న అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్ ఎడిన్‌బరో వచ్చి, బ్రిటన్‌ను వదిలితే పౌండును కూడా వదిలినట్టేనని తేల్చేశారు. లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కూడా ఆ మాటకే కట్టుబడ్డారు. ఆగస్టు టీవీ చర్చలో, విడిపోవద్దన్న ప్రచారానికి నాయకుడైన అలిస్టెయిర్ డార్లింగ్ 'మీ ప్లాన్ బి ఏంటి' అని పదేపదే అడిగితే శాల్మండ్ నుంచి సూటి జవాబు రాలేదు. ఓటర్లకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం అది.

లండన్ ఎందుకు ఒప్పుకోలేదు? 2008లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కుప్పకూలినప్పుడు దాన్ని నిలబెట్టడానికి బ్రిటన్ ఖజానా 4,500 కోట్ల పౌండ్ల పెట్టుబడి పెట్టింది. స్కాట్లాండ్ బ్యాంకుల ఆస్తులు అప్పట్లో స్కాట్లాండ్ జీడీపీకి 12 రెట్లకు పైగా ఉన్నాయని ట్రెజరీ అంచనా. ఒకే కరెన్సీ వాడితే, పక్క దేశపు బ్యాంకు మునిగినప్పుడు ఆదుకునే భారం తమ పన్ను చెల్లింపుదారుల మీద పడుతుందన్నది లండన్ భయం. బడ్జెట్ మీద ఉమ్మడి అదుపు లేకుండా ఉమ్మడి కరెన్సీ నిలవదని యూరో సంక్షోభం అప్పుడే చూపించింది. ఉమ్మడి కరెన్సీ కావాలంటే కొంత సార్వభౌమత్వం వదులుకోవాలని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ 2014 జనవరిలో ఎడిన్‌బరోలోనే చెప్పారు. స్వాతంత్ర్యం కోరేవాళ్లకు అంతకంటే ఇబ్బందికరమైన షరతు ఉండదు.

ఒప్పందం లేకపోతే మిగిలేవి ముఖ్యంగా రెండు దారులు. పనామా డాలర్ వాడినట్టు ఎవరినీ అడక్కుండా పౌండు వాడుకోవడం ఒకటి. దాన్నెవరూ ఆపలేరు. కానీ నోట్లు ముద్రించే అధికారం ఉండదు, వడ్డీ రేటు లండన్ నిర్ణయిస్తుంది, బ్యాంకు మీద జనం ఎగబడితే ఆదుకునే సెంట్రల్ బ్యాంకు ఉండదు. ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి పౌండునూ పన్నుగానో అప్పుగానో తెచ్చుకోవాలి. 10 శాతం లోటుతో మొదలయ్యే దేశానికి ఇది ఊపిరాడనివ్వని ఏర్పాటు.

సొంత కరెన్సీ రెండోది. దీర్ఘకాలంలో ఇదే సరైనదని రెండు వైపులా చాలామంది ఆర్థికవేత్తలు ఒప్పుకుంటారు. చిక్కంతా మారే సమయంలో ఉంది. గ్లాస్గోలో ఒక కుటుంబానికి 1,50,000 పౌండ్ల హోమ్ లోన్ ఉందనుకుందాం. అప్పు పౌండ్లలోనే ఉండిపోయి, జీతం కొత్త స్కాటిష్ కరెన్సీలోకి మారింది. మొదటి రోజు రెండూ సమానం. ఏడాదికి కొత్త కరెన్సీ 20 శాతం పడిపోతే, అదే అప్పు తీర్చడానికి 1,87,500 కొత్త పౌండ్లు కావాలి. కొత్తగా ఒక్క పైసా అప్పు చేయకపోయినా బాకీ నాలుగో వంతు పెరిగింది. రూపాయి జీతంతో డాలర్ అప్పు కట్టేవాళ్లకు ఈ నొప్పి చెప్పక్కర్లేదు. ఆ భయమే జనాన్ని ముందుగా తమ డబ్బు ఇంగ్లండ్ బ్యాంకులకు తరలించేలా చేస్తుంది. అలా తరలించడమే కరెన్సీని పడగొడుతుంది.

అందుకే 2018 గ్రోత్ కమిషన్ ముందు కొన్నాళ్లు పౌండే వాడి, ఆరు పరీక్షలు నెగ్గాక సొంత కరెన్సీకి వెళ్దామంది. 2019 పార్టీ సమావేశం ఆ గడువును తగ్గించాలని పట్టుబట్టింది. 2022 అక్టోబర్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వ పత్రం కూడా ముందు పౌండు, తర్వాత స్కాటిష్ పౌండు అనే చెప్పింది.

ఆరు వారాలు నిలవని కరెన్సీ, యాభై ఏళ్లు నిలిచిన కరెన్సీ

1993 జనవరి 1న చెకొస్లొవేకియా శాంతంగా రెండుగా విడిపోయింది. కొన్ని నెలలపాటు పాత కొరూనానే ఇద్దరూ వాడాలనుకున్నారు. కానీ స్లొవేకియా కరెన్సీ విలువ తగ్గుతుందని జనం, వ్యాపారులు ముందే పసిగట్టారు. డిపాజిట్లు చెక్ బ్యాంకులకు పరుగెత్తాయి. ఒప్పందం ఆరు వారాలైనా నిలవలేదు, ఫిబ్రవరి 8న రెండు కరెన్సీలయ్యాయి. కొత్త నోట్లు పూర్తిగా సిద్ధం కాలేదు కాబట్టి పాత నోట్ల మీద తపాలా బిళ్ల లాంటి స్టాంపు అతికించి చలామణి చేశారు. మూలన అంటించిన ఆ చిన్న కాగితం ముక్క ఆ నోటు ఏ దేశపుదో చెప్పేది. జులైలో స్లొవేకియా తన కరెన్సీ విలువను 10 శాతం తగ్గించింది. జనం ముందే భయపడిందీ దానికే.

ఐర్లండ్ కథ దీనికి పూర్తిగా ఎదురు. 1922లో విడిపోయి, 1928లో సొంత పౌండు తెచ్చుకుని, 1979 దాకా దాన్ని బ్రిటన్ పౌండుకు ఒకటికి ఒకటిగా నిలబెట్టింది. ఇది సాధ్యమేనని స్వాతంత్ర్యవాదులు చూపించే గట్టి ఉదాహరణ. దాని వెనుక చెల్లించిన ధర కూడా చూడాలి. లోటు పెరగకుండా ఆపడానికి ఐర్లండ్ ప్రభుత్వం 1924లో వృద్ధాప్య పింఛనును వారానికి 10 షిల్లింగుల నుంచి 9కి తగ్గించింది. ముసలివాళ్ల చేతిలోంచి ఆ ఒక్క షిల్లింగు తీసుకున్నందుకు ఆ పాలకులను జనం దశాబ్దాలపాటు తిట్టుకున్నారు. కరెన్సీ మీద నమ్మకం బడ్జెట్ క్రమశిక్షణ నుంచే వస్తుందని ఈ రెండు కథలూ చెబుతాయి. స్కాట్లాండ్ లోటు అంకె అంత ముఖ్యమైంది కూడా ఇందుకే. పేరున్న కరెన్సీ వెనుక నిలబడిన దేశానికి 10 శాతం లోటు తలనొప్పి, నిన్న పుట్టిన కరెన్సీకి అది గండం.

అప్పుల పంపకం

2014 జనవరిలో బ్రిటన్ ట్రెజరీ, స్కాట్లాండ్ విడిపోయినా అప్పటికున్న ప్రభుత్వ బాండ్లన్నింటికీ తనదే పూచీ అని ప్రకటించింది. మార్కెట్లను శాంతింపజేయడానికి చేసిన ఆ ప్రకటన స్కాట్లాండ్ చేతికి ఒక పేకముక్క ఇచ్చింది. ఆస్తి అయిన పౌండులో వాటా ఇవ్వకపోతే అప్పులో వాటా మేమెందుకు తీసుకోవాలని శాల్మండ్ అడిగారు. చట్టపరంగా ఆ వాదనకు కొంత బలం ఉంది. దేశాలు విడిపోతే అప్పు ఎలా పంచుకోవాలన్నదానిపై 1983లో వియన్నాలో ఒప్పందం రాసుకున్నా అది అమల్లోకి రాలేదు. ఐర్లండ్ కూడా 1921 ఒప్పందంలో అప్పు వాటాకు తలూపి, 1925లో సరిహద్దు రాజీలో భాగంగా దాన్నుంచి బయటపడింది. కానీ తొలి ఏడాది నుంచే కొత్త అప్పులు పుట్టించాల్సిన దేశం పాత అప్పు ఎగ్గొట్టిందన్న పేరుతో మార్కెట్లోకి దిగితే వడ్డీ రూపంలో అంతకంత కట్టాల్సి రావచ్చు.

సరిహద్దు: బ్రెగ్జిట్ తర్వాత మారిన లెక్క

2016లో స్కాట్లాండ్‌లో 62 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లో ఉండాలని ఓటేసినా, మిగతా బ్రిటన్‌తో పాటు బయటికి వచ్చేయాల్సి వచ్చింది. స్వాతంత్ర్యానికి రాజకీయంగా ఇది కొత్త ఊపిరి. ఆర్థికంగా మాత్రం దారిని కష్టం చేసింది. 2014లో అయితే విడిపోయినా రెండు దేశాలూ యూరోపియన్ యూనియన్‌లోనే ఉంటాయని అనుకున్నారు, కాబట్టి మధ్యలో కస్టమ్స్ ప్రశ్నే లేదు. ఇప్పుడు స్కాట్లాండ్ తిరిగి యూరప్‌లో చేరితే సుమారు 154 కిలోమీటర్ల ఇంగ్లండ్ సరిహద్దు యూరప్ బయటి సరిహద్దు అవుతుంది.

స్కాట్లాండ్ బయటికి అమ్మే సరుకులు, సేవల్లో దాదాపు 60 శాతం మిగతా బ్రిటన్‌కే వెళ్తాయి. యూరోపియన్ యూనియన్ వాటా 20 శాతం లోపే. 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు, వ్యాపారం దారిలో స్కాట్లాండ్‌కు స్వాతంత్ర్యం వల్ల కలిగే నష్టం బ్రెగ్జిట్ నష్టానికి 2 నుంచి 3 రెట్లు ఉండొచ్చని లెక్కగట్టారు. బ్రెగ్జిట్ తప్పని చెప్పిన నోటితోనే అంతకంటే దగ్గరి మార్కెట్‌తో గోడ కట్టుకోవడం ఎలా సమర్థిస్తారన్నది స్వాతంత్ర్యవాదులకు ఎదురయ్యే కష్టమైన ప్రశ్న.

వాళ్ల జవాబు మళ్లీ ఐర్లండే. 1920ల్లో ఐర్లండ్ ఎగుమతుల్లో 90 శాతానికి పైగా బ్రిటన్‌కే వెళ్లేవి. 1973లో యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో చేరాక ఆ ఆధారం క్రమంగా తగ్గి, ఈరోజు ప్రపంచమంతా దాని మార్కెట్ అయింది. నిజమే. 1922 నుంచి లెక్కేస్తే అందుకు పట్టిన కాలం ఒక మనిషి జీవితమంత.

ఇక్కడ మళ్లీ కరెన్సీ ముడి అడ్డొస్తుంది. కొత్త సభ్యదేశం ఎప్పటికైనా యూరోకు మారతానని మాటివ్వాలి. యూరోలో చేరాలంటే ముందు కనీసం రెండేళ్లు సొంత కరెన్సీని యూరోకు దగ్గరగా నిలకడగా ఉంచి చూపించాలి. పరాయి పౌండు వాడుతూ ఆ పరీక్ష రాయలేరు. లోటు 3 శాతం దాటకూడదన్న నిబంధన కూడా ఉంది. అంటే త్వరగా యూరప్ కావాలంటే త్వరగా సొంత కరెన్సీ కావాలి. త్వరగా సొంత కరెన్సీ కావాలంటే ఇంకా త్వరగా లోటు తగ్గించాలి. అందుకు పన్నులు పెంచాలి, లేదా ఆసుపత్రుల, పింఛన్ల ఖర్చు కోయాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లింకునూ దాటేసే మార్గం ఇంతవరకు ఏ పత్రమూ చూపించలేదు.

లెక్క తిరగబడిన చోట కూడా

కెటలోనియాలో వాదన అచ్చంగా దీనికి తలకిందులు. స్పెయిన్ జనాభాలో 16 శాతం, జీడీపీలో 19 శాతం ఉన్న ఈ ప్రాంతం తాను ఇచ్చేదాంట్లో తిరిగి వచ్చేది తక్కువని అంటుంది. పక్కనే బాస్క్ ప్రాంతం తన పన్నులు తానే వసూలు చేసుకుని కేంద్రానికి కోటా కడుతుండటం ఆ కడుపుమంటను పెంచింది. అంటే లోటు సమస్య ఇక్కడ లేదు. అయినా 2017 అక్టోబర్ 1న స్పెయిన్ కోర్టులు వద్దన్న ఓటింగ్ జరిగిన వారంలోపే సబడెల్ బ్యాంకు తన రిజిస్టర్డ్ ఆఫీసును అలికాంటేకు, కైషా బ్యాంకు వాలెన్సియాకు మార్చేశాయి. యూరో జోన్ నుంచి బయటపడితే యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ఆసరా పోతుందేమోనని డిపాజిటర్లు డబ్బు తీయడం మొదలుపెట్టారు. సబడెల్ తిరిగి రావాలని నిర్ణయించుకునేసరికి 2025 జనవరి వచ్చింది. డబ్బున్న ప్రాంతానికైనా, లోటున్న ప్రాంతానికైనా చివరికి తగిలింది అదే దెబ్బ: ఆపదలో బ్యాంకు వెనుక ఎవరు నిలబడతారన్నది.

కెనడా నుంచి విడిపోవాలన్న వాదన నడిచిన క్యుబెక్ రాష్ట్రంలో ఇది నెమ్మదిగా జరిగింది. 1970 ఎన్నికల ముందు అక్కడి మాంట్రియల్ నగరం నుంచి బాండ్లు, షేర్ పత్రాలు నింపుకున్న ట్రక్కులు టొరంటో వైపు వెళ్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. 1978లో సన్ లైఫ్ బీమా కంపెనీ టొరంటోకు మారుతున్నట్టు ప్రకటించింది. 1995 రిఫరెండంలో విడిపోవద్దన్నవాళ్లు 50.58 శాతంతో గట్టెక్కారు. స్వాతంత్ర్యం రాలేదు, కానీ కెనడా ఆర్థిక రాజధాని హోదా అప్పటికే మాంట్రియల్ చేజారిపోయింది. భాషా చట్టాలు, అంతకుముందే పెరుగుతున్న టొరంటో బలం కూడా కారణాలే కాబట్టి ఆ నష్టమంతా వేర్పాటు ఖాతాలో వేయడం తప్పు. ఏమవుతుందో తెలియని స్థితికి మాత్రం ఒక ధర ఉందని అది చూపించింది. 2014లో ఓటింగ్‌కు వారం ముందు ఎడిన్‌బరోలోని పెద్ద బ్యాంకులు 'అవును' గెలిస్తే లండన్‌కు మారతామని ప్రకటించింది ఆ లెక్కతోనే.

ఇప్పుడు ఎక్కడుంది

2022 నవంబర్ 23న బ్రిటన్ సుప్రీంకోర్టు, వెస్ట్‌మిన్‌స్టర్ (బ్రిటన్ పార్లమెంటు) ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంటు రిఫరెండం చట్టం చేయలేదని తీర్పు చెప్పింది. రిఫరెండం దారి మూసుకుపోయినా, ఆర్థిక ప్రయోగం మాత్రం చిన్న మోతాదులో నడుస్తూనే ఉంది. 2017 ఏప్రిల్ నుంచి జీతాల మీద ఆదాయపు పన్ను రేట్లు, శ్లాబులు స్కాట్లాండే నిర్ణయించుకుంటోంది. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ పై శ్లాబు రేటు 48 శాతం, ఇంగ్లండ్‌లో 45. మాంచెస్టర్ నుంచి గ్లాస్గో ఆసుపత్రికి మారిన తెలుగు డాక్టరు జీతం స్లిప్పులో ట్యాక్స్ కోడ్ ముందు 'ఎస్' అనే అక్షరం చేరుతుంది, చేతికొచ్చే మొత్తం కొంత తగ్గుతుంది. దానికి బదులుగా స్కాట్లాండ్ విద్యార్థులకు డిగ్రీ ఫీజు లేదు, మందుల చీటీలకు చార్జీ లేదు.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. ఆదాయపు పన్ను వదులుకున్నందుకు బదులుగా లండన్ తానిచ్చే గ్రాంటులో కొంత కోత పెడుతుంది. ఆ కోత మిగతా బ్రిటన్‌లో మనిషికి పన్ను రాబడి ఎంత వేగంగా పెరిగిందో దాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి స్కాట్లాండ్ రేట్లు పెంచినా, అక్కడి జీతాలు ఇంగ్లండ్ అంత వేగంగా పెరగకపోతే అదనంగా వసూలైన దాంట్లో పెద్ద భాగం ఆ కోతలోనే కరిగిపోతుంది. కొన్నేళ్లుగా సరిగ్గా ఇదే జరుగుతోంది. ఎడిన్‌బరో బడ్జెట్ అధికారులు ఏటా డిసెంబర్, జనవరి నెలల్లో కుస్తీ పడుతున్నది ఈ తేడాతోనే.